పరకాయప్రవేశమా, శ్రవణమా?

జాతివివక్ష యెట్టిదో యువజనులకు బోధించుటకై అమెరికాలో వర్చువల్ రియాలిటీ యంత్రమును వినియోగించుచున్నారు. హెడ్‌సెట్టును కన్నులకు తొడిగికొన్నవానికి తానున్న గది మఱుగై, వేఱొక లోకము ప్రత్యక్షమగును. ఇట్టి కృతులు రెంటిని ఇచట పరిశీలింతము.

మొదటిది కొలంబియా విశ్వవిద్యాలయాచార్యురాలు కోర్ట్నీ కాగ్‌బర్న్, స్టాన్‌ఫర్డు పరిశోధకులతో గలసి 2018లో వెలువరించిన '1000 కట్ జర్నీ'. ఇందు ప్రేక్షకుడు మైకేల్ స్టెర్లింగ్ అను నల్లజాతి పాత్ర దేహమును ధరించి, బాల్యమున తరగతిలోను, కౌమారమున పోలీసులచేతను, యౌవనమున ఉద్యోగవిషయమునను వివక్షకు లోనగును.

శంకరులు అమరుకుని దేహమున ప్రవేశించిన కథ మనవా రెఱిగినదే. పరకాయమున జొచ్చినవానికి మరలివచ్చుటకు స్వకాయము సిద్ధముగ నుండును. హెడ్‌సెట్టు విప్పిన బాలుని స్థితియు నట్టిదే. వివక్షలో మిక్కిలి దుర్భరమైనది, రేపును ఎల్లుండియు దానిని తప్పించుకొన వీలులేకుండుట. దాని నీ యంత్రము చూపజాలదు. అరువుదేహము మనస్సును మార్చుననుటయు సందిగ్ధమే. తెల్లదేహము ధరించినవారికంటె నల్లదేహము ధరించినవారియందే అంతర్గతపక్షపాతము అధికముగ గనబడెనని 2009లో ఒక పరిశోధనయు, నల్లదేహము ధరించుటచే నది తగ్గెనని 2013లో మఱొకటియు దెలిపినవి.

రెండవది రోజర్ రాస్ విలియమ్స్ 2019లో వెలువరించిన 'ట్రావెలింగ్ వైల్ బ్లాక్'. నల్లజాతి ప్రయాణికులకు బసయు భోజనమును ఎచట నిరపాయముగ లభించునో తెలుపుచు, విక్టర్ హ్యూగో గ్రీన్ అను పోస్టుమాను 1936 మొదలు ప్రకటించిన 'గ్రీన్ బుక్' చరిత్ర దీనికి ప్రేరకము. ఇందు ప్రేక్షకుడు పరదేహమును ధరింపడు. వాషింగ్టనులోని బెన్స్ చిలీ బౌల్ అను భోజనశాలలో బల్లకడ గూర్చుండి వినును. 2014లో క్లీవ్‌లండు నగరమున బొమ్మతుపాకితో నాడుకొనుచు పోలీసు కాల్పులకు బలియైన పండ్రెండేండ్ల టామిర్ రైస్ తల్లి, ఆ చోటనే తన కుమారుని మరణమును జెప్పును. 'నీ బాధ నేనును పడితిని' అనుటకు వినువాని కచట అర్హత లేదు.

కావున బోధనకు రెండవకృతియే శ్రేష్ఠమని మా యభిప్రాయము. మొదటిది కరుణను బుట్టించుననుకొన్నను, ఆ కరుణ తన సౌజన్యమును దాను మెచ్చుకొని తృప్తిపడవచ్చును. రెండవది బాలుని సాక్షిగ నిలుపును. సాక్షికి ఇల్లు చేరిన పిమ్మటను బాధ్యత తీఱదు.

ఇట్టి శ్రవణమునకు యంత్రమే కావలెనా? మన యిండ్లలో పనిమనిషికై వేఱుగ నుంచిన గ్లాసు ఇంకను గొన్నిచోట్ల గలదు. ఆమె చెప్పదలచినచో, పిల్లలతో గూడ మనమును కూర్చుండి వినవచ్చును. వినిన మఱునాడు ఆ గ్లాసు అచటనే యున్నచో, ఎంత గొప్ప హెడ్‌సెట్టును మన పిల్లలకు ఏమియు నేర్పజాలదు.