చుట్టూ వరి ఉన్న పొలం

కొల్లేటి దగ్గరి మండవల్లి మండలంలో వరి చేను ఎలా పోతుందో అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎవరూ వచ్చి లాక్కోరు. చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటే చేపల చెరువులవుతాయి. గట్టు లేచాక చెరువులో నీరు పొలం మట్టానికి పైన నిలుస్తుంది, ఏడాది పొడవునా ఊట దిగుతుంది. సార్వా ఎలాగో గట్టెక్కినా కోతల నాటికి చేను ఆరదు, కోత మిషను దిగబడిపోతుంది. పంట బోదె కాస్తా గట్టు కింద కలిసిపోతే దాళ్వాకు నీళ్లు రావు. చివరికి మధ్యలో మిగిలిన ఎకరం రైతు తానే వెళ్లి ‘నాదీ కలిపేసుకోండి’ అంటాడు. కాగితం మీద అది ఇష్టపూర్వకంగా ఇచ్చిన లీజు. ఆ ఎకరాన్ని కౌలుకు చేసుకునేవాడికి ఆ పాటి మాట చెప్పే హక్కు కూడా ఉండదు.

సంతకంతో సహా జరిగే ఈ బలవంతాన్ని చట్టం పట్టుకోగలదా? కేరళ శాసనసభ 2008లో చేసిన వరి భూములు, చిత్తడి నేలల పరిరక్షణ చట్టాన్ని నేను ఈ ప్రశ్నతోనే చదివాను. ఆ రాష్ట్రంలో 1970ల నడిమి కాలంలో దాదాపు 8.8 లక్షల హెక్టార్లలో వరి ఉండేది. చట్టం వచ్చేనాటికి 2.3 లక్షల హెక్టార్ల దగ్గరకు పడిపోయింది. ఆలస్యంగా వచ్చిన చట్టమే, కాదనను. కానీ రాసినవాళ్లకు పొలం తెలుసు. ఆ పనితనం ప్రతి సెక్షనులోనూ కనిపిస్తుంది.

మొదటిది జాబితా. ఏ పంచాయతీలో ఏ సర్వే నంబరు వరి భూమి, విస్తీర్ణం ఎంత అన్నది ఉపగ్రహ చిత్రాల సాయంతో రాసి, గెజిట్‌లో ప్రకటించి, పంచాయతీ ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టాలి. ఆ జాబితా రాసే స్థానిక కమిటీకి పంచాయతీ ప్రెసిడెంటే అధ్యక్షత వహిస్తారు. వ్యవసాయాధికారి కన్వీనరు. గ్రామ రెవెన్యూ అధికారితో పాటు వరి పండించే రైతుల ప్రతినిధులు ముగ్గురు సభ్యులు. ఆ ముగ్గురి కోసమే నేను ఈ చట్టానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. ఏ చేను పల్లం, ఏది మెరక, ఏ బోదె ఎక్కడ మళ్లుతుంది, ఎవరి నీళ్లు ఎవరి మీదుగా పోతాయి అన్నది రాజధానిలో కూర్చుని పటం గీసేవారికి తెలియదు. వరి పండించేవాడికి తెలుసు. ఆ తెలివిడికి చట్టంలో కుర్చీ వేశారు.

ఇక నన్ను బాగా ఆపేసిన చోటు సొంత ఇంటి మినహాయింపు. వరి భూమి తప్ప మరేమీ లేని చిన్న రైతు ఇల్లెక్కడ కట్టుకోవాలి? చట్టం కఠినంగా తలుపు మూసేయలేదు. పంచాయతీలో 10 సెంట్లు, మునిసిపాలిటీలో 5 సెంట్లు మించకుండా పూడ్చుకోవచ్చు. దానికి షరతులు నాలుగు. పర్యావరణానికీ పక్క చేల సాగుకూ హాని ఉండకూడదు. రైతుకు గానీ కుటుంబానికి గానీ ఇంటికి పనికొచ్చే వేరే జాగా ఉండకూడదు. కట్టేది సొంతానికే అయి ఉండాలి. నాలుగోది: ఆ పొలం చుట్టూ వేరే వరి పొలాలు ఉండకూడదు.

ఈ నాలుగో షరతును మండవల్లి కళ్లతో చదవండి. యజమాని అవసరం నిజమే అయినా, అతను అడిగే జాగా పైరు నట్టనడుమ ఉంటే కుదరదంటుంది. అంచున ఒక ఇల్లు లేస్తే అంచే పోతుంది. నడుమ లేస్తే దారి కావాలి, దారి కోసం బోదె పూడుతుంది, మురుగు నిలుస్తుంది, చుట్టూ ఉన్న చేలన్నీ దెబ్బతింటాయి. పొలం ఒంటరి ఆస్తి కాదని, నీటితో పక్క పొలానికి ముడిపడి ఉంటుందని ఎన్ని ఉపన్యాసాల్లోనో విన్నాం. ఇక్కడ ఆ సంగతిని ఒక్క షరతులో, అమలు చేయదగ్గ రూపంలో రాశారు.

తక్కిన కట్టుబాట్లూ ఇదే శ్రద్ధతో ఉన్నాయి. దొంగచాటుగా పూడ్చిన పొలంలో కట్టడానికి స్థానిక సంస్థ అనుమతి ఇవ్వకూడదు. పూడ్చిన నేలను తిరిగి మునుపటి స్థితికి తెప్పించే అధికారం కలెక్టరుకు ఉంది. బీడు పెట్టి, ఇది ఎందుకూ పనికిరాదని తర్వాత వాదించే ఎత్తుకీ విరుగుడు ఉంది. సాగు చేయమని కమిటీ అడుగుతుంది. చేయకపోతే యాజమాన్యం పోకుండానే కొంతకాలం వేరేవాళ్లతో సాగు చేయించే ఏర్పాటు ఉంది.

లోపాలు దాచను. ప్రజాప్రయోజనం పేరిట మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంచుకుంది. చాలా పంచాయతీల్లో జాబితాలు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి, తప్పులు దొర్లాయి. 2018 సవరణతో జాబితాకెక్కని భూములకు రుసుము కట్టి మార్చుకునే దారి తెరుచుకుంది. అంటే రాసేటప్పుడు ఒక సర్వే నంబరు జారిపోతే పొలమే జారిపోయినట్టు. వరి నిలబెట్టినందుకు యజమానికి హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయల రాయల్టీ 2020లో మొదలుపెట్టారు. ఆలోచన గొప్పది, ఆ మొత్తం చాలదు.

మన దగ్గర? 1999లో జీవో 120 కొల్లేటిలో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం ప్రకటించి సరస్సుకు హద్దు గీసింది. ఆ హద్దు బయటి వరికి అలాంటి గీత లేదు. 2006 నాటి భూమార్పిడి చట్టం రుసుము తీసుకుని మార్పిడికి ఒప్పుకుందే తప్ప కాపాడలేదు. చెరువు తవ్వాలంటే అధికారుల పరిశీలన, కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ అనుమతి కావాలి. ఆక్వా అభివృద్ధికి 2020లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఆక్వా జోన్లు గుర్తించారు, కరెంటు రాయితీని ఆ జోనుకు ముడిపెట్టారు. చేపలకు జోను ఉంది. వరికి లేదు. చేప మీద నాకు పగ లేదు. వరదకు ఏటా మునిగే పల్లపు చేలల్లో అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కేరళలోనే ఎర్నాకుళం వైపు పొక్కాలి చేలల్లో వానాకాలం వరి, ఆ తర్వాత రొయ్య ఒకే మడిలో పండుతున్నాయి కూడా.

అయితే వరికీ అలాంటి జోను, అంటే వ్యవసాయ మండలం, అనగానే మన రైతు ఉలిక్కిపడతాడు. దానికి కారణం ఉంది. 2015 చివర్లో రాజధాని ప్రాంత ముసాయిదా ప్రణాళికలో వ్యవసాయ పరిరక్షణ మండలాలు గీసినప్పుడు, తమ భూమి ధర పడిపోతుందని రైతులు పెద్ద ఎత్తున అభ్యంతరం చెప్పారు. ఆ భయం న్యాయమైనదే. గీత పైనుంచి పడింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1971లో చేసిన వ్యవసాయ మండలాల చట్టంలో రైతులే ముందు ప్రతిపాదిస్తారు. కౌంటీ ప్రజాప్రతినిధులు ఆమోదిస్తారు. ఎనిమిదేళ్లకోసారి తిరిగి చూసుకుంటారు. ఆ మండలంలో భూమి కొనేవాడికి ఇక్కడ సేద్యం జరుగుతుంది, దుమ్ము, చప్పుడు, వాసన ఉంటాయి అని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. పక్కకు వచ్చి చేరినవాడు తర్వాత రైతు మీద ఫిర్యాదు పెట్టకుండా ఇది ఎంత ముందుచూపో!

మన దగ్గర ఇలాంటి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ఉంది. మండవల్లి, కైకలూరు, ముదినేపల్లి మండలాల రైతులారా, వచ్చే గ్రామసభకు మీ ఊళ్లో ఇంకా వరి పండుతున్న సర్వే నంబర్లు రాసి పట్టుకెళ్లండి. ఏ బోదె కింద ఎన్ని ఎకరాలో, ఏ చేను చుట్టూ ఇప్పటికే ఎన్ని వైపులా చెరువులు వచ్చాయో రాయండి. కౌలుదార్లనూ పిలవండి. తీర్మానం చేయించి, ఒక నకలు తహసీల్దారుకు, ఒకటి కలెక్టరుకు పంపండి. రేపు పక్క చేనుకు చెరువు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ జాబితా మీ చేతిలో ఉండాలి.