ఎల్‌వై తగిలిస్తే సరిపోదు

తాను బాగా కష్టపడతానని చెప్పుకోవాలనుకున్న అభ్యర్థి దరఖాస్తులో ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అని రాశాడనుకోండి. ‘నేను పని చేయడం అంతంతమాత్రం’ అని స్వయంగా ఒప్పుకున్నట్టే! ‘ఐ వర్క్ హార్డ్’ అనాల్సిన చోట, విశేషణానికి ఎల్‌వై చేరిస్తే క్రియావిశేషణమవుతుందన్న బడి సూత్రాన్నే అతను పాటించాడు. చాలాచోట్ల అది చెల్లుతుంది కూడా. మనకు ‘గా’ ఎలాగో ఇంగ్లిష్‌కు ఎల్‌వై అలాగ. స్లో స్లోలీ అవుతుంది. హ్యాపీ చివరి వై కాస్తా ఐగా మారి హ్యాపిలీ అవుతుంది. బేసిక్ మధ్యలో ఏఎల్ చేర్చుకుని బేసికల్లీ అవుతుంది, పబ్లిక్ మాత్రం ఆ దారి పట్టకుండా పబ్లిక్‌లీ దగ్గరే ఆగుతుంది. ఫ్రెండ్లీ, లవ్లీ ఎల్‌వైతో ముగిసినా విశేషణాలే. గుడ్‌కైతే ఏ ప్రత్యయమూ పనికిరాదు, దాని బదులు వెల్ రావాల్సిందే.

మరి హార్డ్, ఫాస్ట్ ఎందుకు ఎల్‌వై లేకుండానే నడుస్తాయి? ప్రాచీన ఇంగ్లిష్‌లో విశేషణం చివర ‘ఎ’ అనే అచ్చు చేరిస్తే క్రియావిశేషణమయ్యేది. కాలక్రమంలో ఆ అచ్చు పలుకుబడిలో అరిగిపోయింది. దాంతో కొన్ని మాటలకు విశేషణ రూపం, క్రియావిశేషణ రూపం ఒకటైపోయాయి. మిగతావాటికి ఎల్‌వై ఆధారమైంది. శరీరం, ఆకారం అనే అర్థమున్న పాత మాటే దీనికి మూలం. పోలికను చెప్పే ‘లైక్’ కూడా ఆ కుటుంబానిదే. 1762లో ఇంగ్లిష్ వ్యాకరణం ప్రచురించిన రాబర్ట్ లౌత్ వంటివారు విశేషణాన్ని ఉన్నపళంగా క్రియావిశేషణంగా వాడడాన్ని తప్పుపట్టారు. అయినా పాత రూపాలు పూర్తిగా పోలేదు. మన రోడ్ల పక్కన ‘గో స్లో’ అని రాసి ఉండే బోర్డులే సాక్ష్యం.

రూపం పట్టుబడ్డాక అసలు చిక్కు స్థానంతో వస్తుంది. ‘సభ నిన్న హైదరాబాద్‌లో ప్రశాంతంగా జరిగింది’ అంటాం. కాలం, చోటు, తీరు అన్నది మనకు అలవాటైన వరస. ఇంగ్లిష్‌లో సాధారణంగా ఇది తలకిందులవుతుంది: ముందు పీస్‌ఫుల్లీ, తర్వాత ఇన్ హైదరాబాద్, చివర ఎస్టర్‌డే. క్రియకూ కర్మకూ మధ్య తీరు చెప్పే మాటను ఇరికించడం ఆ భాషకు నచ్చదు. అందుకే ‘షి స్పీక్స్ ఇంగ్లిష్ ఫ్లూయెంట్లీ’ అనాలి, ‘స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లిష్’ అనకూడదు. నెవర్, ఆల్వేస్ లాంటివి ప్రధాన క్రియకు ముందు వస్తాయి: ‘హి నెవర్ కమ్స్ లేట్’. ఈజ్, వాజ్ ఉంటే మాత్రం వాటి తర్వాత: ‘హి ఈజ్ నెవర్ లేట్’.

స్థానం మహిమ తెలియాలంటే ‘ఓన్లీ’ని చూడాలి. ‘ఓన్లీ రవి పెయిడ్ ద ఫీజ్ టుడే’ అంటే రవే కట్టాడు, మిగతావాళ్లు కట్టలేదు. ‘రవి పెయిడ్ ఓన్లీ ద ఫీజ్ టుడే’ అంటే ఫీజే కట్టాడు, పుస్తకాల డబ్బు బాకీ ఉంది. ‘రవి పెయిడ్ ద ఫీజ్ ఓన్లీ టుడే’ అంటే ఇవాళే కట్టాడు, ఇన్నాళ్లూ తాత్సారం చేశాడు. మనం రవే, ఫీజే, ఇవాళే అని మాట చివర ఏకారంతో తేల్చేసే పనిని ఇంగ్లిష్ ఒక మాటను అటూ ఇటూ జరిపి సాధిస్తుంది. ‘ఇక్కడే ఉన్నాను’ అనడానికి మనవాళ్లు ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అనేది ఆ ఏకారం అలవాటుతోనే. మెల్లమెల్లగా అన్నది ‘స్లోలీ స్లోలీ’ అయ్యేదీ ఇలాంటి అలవాటుతోనే. మనలో మనకు ఈ మాటలు ఇబ్బంది పెట్టవు. పరీక్షలో, ఇంటర్వ్యూలో మాత్రం మార్కు పోగొడతాయి.

అన్నీ నేర్చుకున్నాక ఆగడం కూడా తెలియాలి. ‘వాక్డ్ స్లోలీ’ అనే బదులు సందర్భాన్ని బట్టి ‘స్ట్రోల్డ్’ అంటే వాక్యం బిగుస్తుంది. అమెరికా నవలాకారుడు స్టీఫెన్ కింగ్ 2000లో వచ్చిన తన రచనా పాఠాల పుస్తకంలో క్రియావిశేషణాల వాడకాన్ని గట్టిగానే విమర్శించాడు. అలాగని వాటిని పూర్తిగా ఏరిపారేయనక్కర్లేదు. నెవర్ తీసేస్తే అర్థమే తిరగబడుతుంది, ఓన్లీ తీసేస్తే హద్దు చెరిగిపోతుంది. వెరీ, రియల్లీ తీసేస్తే చాలాసార్లు ఏమీ పోదు. ఇంగ్లిష్ ఉత్తరమో, ఈమెయిలో పంపే ముందు అందులోని ప్రతి క్రియావిశేషణాన్నీ ఒకసారి తీసి చదవండి. అర్థం మారితే సరైన చోట పెట్టండి, మారకపోతే కొట్టేయండి.