కత్తెర పడ్డ ఎర్ర గీత

గురువారం సాయంత్రం అమ్మ బీపీ బిళ్లల కోసం ఏలూరు రోడ్డులో ఒక మందుల షాపు ముందు నిలబడ్డాను. ఆటో పక్కకి ఆపి ఒక కుర్రాడు దిగాడు. "గొంతు పట్టేసిందండి, రెండు బిళ్లలివ్వండి." చీటీ లేదు, అడిగినవాళ్లూ లేరు. షాపాయన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఐదువందలది తీసి కత్తెరతో కచక్కున రెండు కోసిచ్చాడు. స్ట్రిప్ వెనక ఎర్ర గీత ఉంటుందే, డాక్టరు చెప్పందే మింగొద్దని కేంద్రం 2016లో ప్రచారం చేసిన గీత, కత్తెర సరిగ్గా దాని మీంచే నడిచింది.

నా కత్తెర పురాణం ఈ కాలమ్ పాఠకులకి కొత్త కాదు. మూడు నెలలకోసారి వినిపిస్తూనే ఉంటాను. ఈసారి దన్నుగా శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తెచ్చుకుందామనుకున్నాను. భీమవరంలో పుట్టిన మన మనిషి కష్టపడి వెతికించిన ఇలాంటి మందుల్ని మనమే కత్తెర పాలు చేస్తున్నాం అని ముగిస్తే బావుంటుంది కదా.

ఆయన పరిశోధన నడిపిన లెడర్లీ కంపెనీలో ఒక పని ఏమిటంటే, మట్టిని వెతకడం. అక్కడినుంచీ ఇక్కడినుంచీ తెప్పించిన మట్టిలోని జీవుల్ని పెంచి, వాటి చుట్టూ రోగక్రిములు పెరగడం మానేశాయా లేదా అని చూడడం. వేలకొద్దీ అలా చూస్తే ఎక్కడో ఒకచోట ఖాళీ వలయం కనిపిస్తుంది. డెబ్బయ్యేళ్లు దాటిన డగ్గర్ అనే ఆయనకి 1945లో మిస్సోరి పొలం మట్టిలో అది దొరికింది. బంగారు రంగులో ఉందని ఆరియోమైసిన్ అన్నారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే పెద్దక్క. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే, యాభై మూడేళ్లకే, సుబ్బారావు గారు పోయారు.

ఖాళీ వలయం అంటే ఏమిటో నాకు మూడేళ్ల క్రితం సూర్యారావుపేటలో ఒక ల్యాబులో తెలిసింది. అమ్మకి మూత్రంలో ఇన్ఫెక్షన్. ఒకదాని తర్వాత ఒకటి మందులు మార్చినా జ్వరం తగ్గలేదు. కల్చర్ పరీక్ష చేసిన డాక్టరమ్మని అడిగితే ప్లేటు చూపించారు. పేరిన గంజిలా లేత పసుపు రంగు, దాని మీద పొగమంచులా క్రిములు. మధ్యమధ్య కుంకుమబొట్టంత కాగితపు చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో మందు. మందు పనిచేస్తే చుక్క చుట్టూ మంచు విడిపోయి అద్దంలా ఖాళీ కనబడాలి. పన్నెండు చుక్కలుంటే మూడింటికే వలయం. మిగతా తొమ్మిదింటి అంచు దాకా, జంకూగొంకూ లేకుండా, క్రిములు వచ్చి కూచున్నాయి. "మీ అమ్మగారి కన్నా ఇదే ఎక్కువ మందులు చూసింది" అన్నారామె. నవ్వాలో వద్దో తెలియలేదు.

ఇక్కడిదాకా రాసి, ఆరియోమైసిన్ తర్వాత ఏమైందో చూద్దామని పుస్తకం తిరగేశాను. తిరగెయ్యకుండా ఉండాల్సింది. సుబ్బారావు గారు పోయిన రెండేళ్లలోపే ఆ కంపెనీలోనే జూక్స్ అనే శాస్త్రవేత్త, మందు తీయగా మిగిలిన పిప్పిని, మనం గేదెలకి తెలగపిండి పెట్టినట్టే, కోడిపిల్లలకి పెట్టి చూశాడు. అవి మామూలు కన్నా తొందరగా ఒళ్లు చేశాయి. ఇంకేం, జబ్బు లేని జంతువుల మేతలోకి యాంటీబయాటిక్ బస్తాలకొద్దీ చేరింది. ఈనాటికీ ప్రపంచంలో అమ్ముడయ్యేదాంట్లో సగానికి పైగా పశుపక్ష్యాదులకే. ఆఖరి అస్త్రమని ఐసీయూల్లో దాచుకునే కొలిస్టిన్ కోళ్ల మేతలో కలపొద్దని మన దేశం చెప్పింది 2019లో.

అంత దూరం ఎందుకు? కైకలూరు వైపు మా బావమరిదికి రొయ్యల చెరువుండేది. వైట్ స్పాట్ జబ్బు వచ్చిన ఏడు, అది వైరస్ అనీ, యాంటీబయాటిక్‌కి లొంగదనీ తెలిసే, ఎవరో చెప్పారని దాన్నే డబ్బాలకొద్దీ మేతలో కలిపాడు. గట్టు మీద టీ తాగుతూ చూశాను నేను. అప్పుడు నా కత్తెర పురాణం గుర్తుకి రాలేదు. ఆ డబ్బాల్లో ఎన్ని వేల బిళ్లలుంటాయో లెక్కా వెయ్యలేదు.

ఓడెక్కే రొయ్యకైతే క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్ ఆనవాళ్లున్నాయేమోనని పరీక్ష చేస్తారు, ఉంటే కంటైనర్ వెనక్కే. ఆటో కుర్రాడి గొంతుకి ఏ పరీక్షా లేదు. డాక్టరు ఫీజు, కల్చర్ ఖర్చు, రెండు మూడు రోజుల ఎదురుచూపు, ఆ రోజుల బాడుగ నష్టం. ఇవన్నీ కలిపి చూస్తే రెండు బిళ్లలు కొన్నవాడు నాకన్నా లెక్క తెలిసినవాడు. పన్నెండేళ్లుగా నేను తిట్టిందల్లా ఇలాంటివాడినే.

శనివారం ఆ కుర్రాడు అదే షాపు దగ్గర కనబడ్డాడు. గొంతు తగ్గిందా అన్నాను.

"ఒక్క బిళ్లకే సెట్టయిపోయింది బాబాయ్!" అన్నాడు. జలుబు గొంతు దానంతటదే తగ్గుతుందని మొదలుపెట్టబోతే నాకే దగ్గొచ్చింది. వాడు జేబులోంచి రెండోది తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మీరేసుకోండి."