కారణం తెలిసిన కట్టుబాటు (ముందుమాట)

నీతి పుస్తకాలు రాసేవాళ్లకు ఒక జబ్బు ఉంది. ఫలానాది చెయ్యమంటారు, ఎందుకు చెయ్యాలో చెప్పరు. ఈ పుస్తకం రాసిన చిరంజీవికి ఆ జబ్బు అంటలేదు. మా బచ్చన్నపేట మండలంలో పిల్లలకు చదువు చెప్పే మనిషి. "ఎందుకు సార్?" అన్న ప్రశ్న ఆయనకు రోజూ ఎదురవ్వాల్సిందే. దానికి జవాబు వెతుక్కుంటూ పోయి ఇంత పుస్తకం చేశాడు.

నీతి చెప్పడం తెలుగుకు కొత్త కాదు. బద్దెన రాజుల కోసం నీతిశాస్త్రముక్తావళి రాశాడు. తర్వాత మడికి సింగన పాత నీతి గ్రంథాల నుంచి పద్యాలు ఏరి సకలనీతిసమ్మతం కూర్చాడు. రచయిత వీళ్లను ఒక్క పేజీలో దాటేశాడు, పోనీ. ఆయన ఆగింది కాకతి గణపతిదేవుడి మోటుపల్లి శాసనం దగ్గర. 1244 నాటి మాట. అంతకుముందు తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు దాన్ని పట్టుకుపోయేవారు. గణపతిదేవుడు, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వర్తకులకే వదిలేస్తామని రాతిమీద చెక్కించాడు. సముద్రం దాటే వర్తకుడికి ధనం ప్రాణం కంటే ఎక్కువన్న కారణం కూడా అందులోనే ఉంది. రేవులో భయం లేకపోతే ఓడలు వస్తాయి, ఓడలొస్తే సుంకం వస్తుంది అన్న లెక్క రాజుకు తెలియదనుకోను. అయినా రాజు తన చెయ్యి తానే కట్టేసుకోవడం చిన్న సంగతి కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది చెరువు అధ్యాయం. యాసంగికి ముందు చెరువులో నీళ్లెంతున్నాయో చూసి, ఈసారి ఎంత ఆయకట్టుకు పారుతుందో తేల్చుకోవడాన్ని తైబందీ అంటాం. అది తేలాక తూము ఎత్తాల్సిందీ దించాల్సిందీ నీళ్లు పంచే నీరడే. ఎంత పెద్ద పట్టాదారైనా దానిమీద చెయ్యి వెయ్యకూడదన్నది అప్పటి కట్టుబాటు. నీరడికి కూలి కోతలప్పుడు కల్లాల దగ్గర గింజల రూపంలో అందేది. అందరి కల్లంలోనూ అందేది కాబట్టి ఒకరి మడి నింపి మరొకరిది ఎండబెడితే పోయేది అతని గింజలే. ఈ సంగతి రచయిత పట్టుకున్న తీరు చూసి ముచ్చటేసింది. కట్టుబాటు నిలవడానికి మనుషులంతా మంచివాళ్లు కానక్కర్లేదని పిల్లలకు ఇంతకంటే బాగా ఎలా చెప్పాలి?

తర్వాత బోర్ల కాలం వచ్చింది. వానలు మొహం చాటేసే మా మెట్టప్రాంతంలో ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన కథేం కాదు. పక్కవాడు మూడు వందల అడుగులు వేస్తే నేను నాలుగు వందలు వెయ్యాలి అంటాడు రైతు. ఆ రైతు లెక్కలో తప్పు లేదు, ఎండుతున్న పొలాన్ని చూస్తూ ఎవడు కూర్చుంటాడు? ఊళ్లో ప్రతివాడూ అదే తెలివైన లెక్క వేసేసరికి అందరి బోర్లూ వట్టిపోయాయి, అప్పులు మాత్రం మిగిలాయి. బోరు వేయడానికి అనుమతి ఉండాలని, బావికీ బావికీ మధ్య దూరం ఉండాలని 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. కారణం ఎవరికీ నచ్చజెప్పని చట్టం కాబట్టి బోరుబండి చీకటిపడ్డాక వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయేది.

ఒకచోట మాత్రం రచయితతో నాకు పేచీ. బుద్ధికి ఒప్పని నియమాన్ని పాటించనక్కర్లేదంటాడు, దానికి మా జిల్లాలోని కడవెండిని సాక్ష్యంగా తెస్తాడు. వెట్టికి ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగిన ఊరు అది. కానీ వెట్టి ఏ నియమం ప్రకారం సాగింది? సర్కారు కాగితంమీద దాన్ని నిషేధించింది, గడీలో మాత్రం దొర నోటిమాటే చట్టం. ఆంధ్ర మహాసభ సంఘం జనం ఎదిరించింది ఆ నోటిమాటను. పైగా అక్కరలో ఉన్న మనిషి బుద్ధి ఎప్పుడూ అతని పక్షానే వాదిస్తుంది, బోరు అధ్యాయం రాసినవాడే ఈ మాట మరిచిపోతే ఎలా? ఆ పేజీ తీసెయ్యమని అనను. చదివినవాళ్లు అక్కడ ఆగి నాతోనో ఆయనతోనో తగువు పెట్టుకుంటే పుస్తకం పనిచేసినట్టే.

శైలి తేట. పై తరగతుల పిల్లలు ఎవరి సాయం లేకుండా చదువుకోగలరు. మలి ముద్రణలో తైబందీ గురించి ఇంకాస్త రాయాలి. తైబందీ తేల్చే పంచాయితీలో కూర్చున్న పెద్దలు ఇంకా కొందరున్నారు. చిరంజీవి ఈ ఎండాకాలంలోనే ఒక నోటుపుస్తకం పట్టుకుని వాళ్ల అరుగుల దగ్గరికి వెళ్తే మంచిది.