డిజిటల్ బోర్డు ముందు ఉపాధ్యాయులు

డిజిటల్ బోర్డుతో పాఠం చెప్పడం మొదలుపెట్టే ఉపాధ్యాయులు రెండు వేర్వేరు పనులు నేర్చుకోవాలి. ఒకటి యంత్రాన్ని నడపడం: ఎక్కడ నొక్కితే వెలుగుతుంది, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలి, రాసినదాన్ని ఎలా చెరపాలి, ఎలా దాచుకోవాలి. రెండోది ఏ పాఠంలో ఎక్కడ దాన్ని వాడాలో, ఎక్కడ ఆపేయాలో తేల్చుకోవడం. మొదటిది కొద్ది రోజుల్లో చేతికి అలవాటవుతుంది. రెండోదానికి ఏళ్లు పడుతుంది. శిక్షణ తరగతులు మాత్రం చాలావరకు మొదటిదానితోనే ముగిసిపోతున్నాయి.

తెలుగు బడిలోకి తెర రావడం ఇప్పటి మాట కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. వాటిలో బడిపిల్లలకు పాఠాలూ ఉన్నాయి, ఉపాధ్యాయులకు సైన్స్ బోధనలో శిక్షణా ఉంది. 2004లో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. అయితే ఆ తెర మీద పాఠం చెప్పేది వేరొకరు. తరగతిలోని ఉపాధ్యాయులకు మిగిలింది పిల్లల్ని కూర్చోబెట్టి తామూ చూడటమే. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో నాడు-నేడు ఉన్నత పాఠశాలలకు, ఇంచుమించు అదే కాలంలో తెలంగాణలోని ఉన్నత పాఠశాలలకు వచ్చిన ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు తెరను ఉపాధ్యాయుల చేతికే ఇచ్చాయి. నేర్చుకోక తప్పని అవసరం అక్కడ పుట్టింది.

మొదట ఎదురయ్యేది భయం. ఖరీదైన వస్తువు, పాడైతే జవాబు చెప్పాల్సింది తామేనన్న బెరుకు. ప్యానెల్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇందులో సగం పోతుంది. ఇలాంటి చాలా ప్యానెళ్ల చట్రంలో కంటికి కనిపించని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా ప్రసరిస్తుంటాయి. వేలు ఎక్కడ అడ్డుపడిందో దాన్నిబట్టి యంత్రం చోటును గుర్తిస్తుంది. అందుకే గట్టిగా నొక్కాల్సిన పని లేదు; మొద్దు పెన్ను, చాక్‌పీస్ వెనక వైపు, ఏది తగిలించినా పలుకుతుంది. చీర కొంగు తగిలినా గీత పడేది ఇందుకే. పక్కనున్న ఆకుపచ్చ బోర్డు మీది సుద్దపొడి చట్రం అంచుల్లో పేరుకుంటే ప్యానెల్ తడబడుతుంది, పొడిబట్టతో తుడిస్తే మళ్లీ దారికొస్తుంది. ఈ మాత్రం వివరణ శిక్షణ మొదటి గంటలోనే ఇవ్వాలి.

భయానికి తోడు విసుగు కూడా ఉంది, దానికి కారణం న్యాయమైనదే. చాలామంది ఉపాధ్యాయులకు సాంకేతికత ముందుగా పరిచయమైంది బోధనలో కాదు, హాజరు యాప్‌లలో, మధ్యాహ్న భోజనం ఫొటోలలో, రోజూ నింపాల్సిన వివరాలలో. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ గుర్తింపు హాజరు యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లు, సొంత డేటా ఎందుకు వాడాలని ఉపాధ్యాయ సంఘాలు నిలదీశాయి. సాంకేతికత అంటే తనిఖీ అనే ముద్ర ఒకసారి పడ్డాక, అదే పరికరంతో పాఠం బాగుపడుతుందని నమ్మించడం కష్టం. నమ్మించగలిగేది ఒక మంచి పాఠం మాత్రమే.

తొమ్మిదో తరగతి గణితంలో వృత్తాల పాఠాన్నే తీసుకోవచ్చు. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమని సిద్ధాంతం చెబుతుంది. నల్లబల్ల మీద ఒక పటమే గీయగలం. నోటు పుస్తకాల్లో కోణమానితో కొలిస్తే ఒకరికి 49 డిగ్రీలు, ఇంకొకరికి 52 వస్తాయి. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వృత్తం, జ్యా గీసి, పరిధి మీద ఒక బిందువు పెట్టి వేలితో లాగితే బిందువు కదులుతుంది గానీ కోణం 50 దగ్గరే నిలబడుతుంది. అయితే నేర్పంతా లాగడంలో లేదు, లాగే ముందు ఆగి “ఇప్పుడు కోణం పెరుగుతుందా, తగ్గుతుందా?” అని అడగడంలో ఉంది. పిల్లలు జవాబు నోటులో రాసుకున్నాకే బిందువు కదలాలి. తర్వాత దాన్ని జ్యాకు అవతలి వైపు దాటిస్తే అంకె ఒక్కసారిగా 130 అవుతుంది. ఎందుకలా అయిందని తరగతి ఆలోచనలో పడినచోట చక్రీయ చతుర్భుజం పాఠం తలుపు తెరుచుకుంటుంది. అక్కడ ప్యానెల్ ఆపేయాలి. వంద పటాల్లో నిజమైనది ప్రతి పటంలోనూ నిజమని తెర నిరూపించలేదు. ఆ నిరూపణ సుద్దముక్కతో, అడుగు తర్వాత అడుగుగా, బోర్డు మీదే జరగాలి.

ఈ ఎరుక కొత్త ఉపాధ్యాయుల కంటే పాతవారికే ఎక్కువ. ఏ మెట్టు దగ్గర పిల్లలు జారతారో ఇరవై ఏళ్లు చెప్పినవారికి తెలుసు. విషయం తెలియడం వేరు, దాన్ని పిల్లలకు ఎలా చెప్పాలో తెలియడం వేరని విద్యావేత్త లీ షుల్‌మన్ 1986లోనే వివరించారు. పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో దానికి సాంకేతికతను కలిపి, మూడూ కలిసే చోటే బోధన ఉందన్నారు. సీనియర్ల దగ్గర లేనిది మూడోది ఒక్కటే, మూడింటిలో తేలిగ్గా వచ్చేదీ అదే. వారిని వెనకబడినవారిగా చూసే శిక్షణ తన బలాన్ని తానే పారేసుకుంటుంది.

తెలుగు మాధ్యమానికి ప్రత్యేకమైన చిక్కు అక్షరాలది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన ప్రశ్నపత్రం ఆ ఫాంట్లు లేని ప్యానెల్ మీద పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. పీడీఎఫ్‌గా మార్చి తెచ్చుకుంటే తక్షణ పరిష్కారం. ఫోన్‌లోనే యూనికోడ్‌లో రాయడం, లేదా మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అది రాసుకోవడం నేర్చుకుంటే శాశ్వత పరిష్కారం. నెట్ మొరాయించే ఊళ్లలో వీడియోలు ముందురోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షా వేదిక పాఠాలు పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ ద్వారా తెరుచుకుంటాయి. వాటిని మొదటి నుంచి చివరిదాకా వదిలేస్తే మళ్లీ 1975 నాటి తరగతే అవుతుంది.

ఇవన్నీ నేర్చుకోవడానికి అనువైన చోటు స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. ఒకే సబ్జెక్టు చెప్పేవారు ఒక గదిలో కూర్చుని, ఒకరు పది నిమిషాల పాఠం ప్యానెల్ మీద చెప్పి చూపి, మిగిలినవారు అదే పాఠాన్ని తమ చేత్తో చేసి చూస్తే, వందమందికి పెట్టే ఆన్‌లైన్ ఉపన్యాసం కంటే ఎక్కువ మిగులుతుంది. తరగతిలో ఏదైనా చిక్కుపడితే పిల్లల్లో తెలిసినవారిని పిలిచి అడగడం చిన్నతనం కాదు. సాయం చేసిన పిల్లవాడు ఆ రోజు పాఠాన్ని మరింత శ్రద్ధగా వింటాడు.

పాఠం ఎంతవరకు ఎక్కిందో తేల్చడానికి మరునాడు ప్యానెల్ వెలిగించకుండా స్లిప్ టెస్టు పెట్టాలి. తెర మీద చూసిన పటాన్ని పిల్లలు కాగితం మీద సొంతంగా గీసి, కారణం రెండు వాక్యాల్లో రాయగలిగితే ఆ పాఠానికి ప్యానెల్ పనికొచ్చినట్టే. రాయలేకపోతే మరుసటి ఏడాది అదే పాఠానికి బిందువును ఎక్కడ ఆపాలో, ఏ ప్రశ్న ముందు అడగాలో పాఠ్య ప్రణాళికలో మార్చి రాసుకోవాలి.