తీపి చుట్టరికాలు

ఉయ్యూరులో క్రషింగ్ మొదలైందంటే కేసీపీ ఫ్యాక్టరీ దారంతా చెరకు బండ్లు బారులు తీరేవి. ఉడికే రసం వాసన వీధుల్లోకి వచ్చేది. ఆ వాసనలో పెరిగినవాణ్ణి. మాటల పుట్టుక వెతికే అలవాటు పట్టుబడ్డాక, నోటుపుస్తకంలో మొదటి పేజీ ‘తీయ’కే ఇచ్చాను.

ఈ పనిలో నా ఆసరా బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. 1961లో మొదట అచ్చయింది, 1984లో సవరించిన కూర్పు వచ్చింది. అందులో మన తీయ, తియ్యన, తీపి ఒకే పద్దులో ఉంటాయి. తమిళుల తిత్తిప్పు, కన్నడిగుల సిహి వాటికి దాయాదులు. తేనె కూడా ఆ ఇంటి పిల్లే.

పోలికకు లాటిన్ తీసుకుంటే, అక్కడ ఈ రుచికి రెండు విశేషణాలున్నాయి: దుల్కిస్, సువావిస్. సువావిస్, సంస్కృతంలోని స్వాదు, ఇంగ్లీషు స్వీట్ ఒకే మూలం నుంచి చీలిన తోబుట్టువులు. స్వీటు కొట్టుకెళ్లి ‘స్వాదిష్టంగా ఉంది’ అన్నప్పుడల్లా ఆ అక్కచెల్లెళ్లను కలుపుతున్నామన్నమాట. లాటిన్ విశేషణం పక్కనున్న నామవాచకాన్ని బట్టి లింగం, వచనం, విభక్తి మార్చుకుంటుంది. నపుంసకంలో సువావిస్ కాస్తా సువావె అవుతుంది. మన ‘తియ్యని’ అలా కాదు. తియ్యని పండు, తియ్యని పళ్లు, తియ్యని పళ్లలో... ఎక్కడా కదలదు.

ఆ రెండు లాటిన్ మాటల సంతానం దగ్గరికొస్తే నా మనసు ఆగిపోతుంది. దుల్కిస్ ఇటలీలో దోల్చె అయి, సంగీతం రాసిన కాగితం మీద ‘మృదువుగా పలికించు’ అంటుంది. ఫ్రాన్సులో ‘దూ’ అయి మెత్తని ఒంటికీ మాటైంది. సువావిస్ స్పానిష్‌లో నునుపైంది, ఇంగ్లీషులో మర్యాదలు తెలిసిన మనిషికి విశేషణమైంది. అక్కడ తీపి చర్మానికి, స్వరానికి, నడవడికి పాకింది. మన తీపి మాత్రం లోపలికి దిగింది. ప్రాణం తీపి, బతుకు మీద తీపి, కడుపు తీపి.

ఒక సాయంత్రం ఉయ్యూరు బస్టాండులో ఒక పెద్దావిడ హైదరాబాదు నుంచి వచ్చే కొడుకు కోసం నిలబడి ఉంది. మూడు బస్సులు వెళ్లిపోయాయి. కూర్చోమంటే కూర్చోదు. పక్కనున్న పళ్లమ్మే ఆవిడ నెమ్మదిగా అంది: “కడుపు తీపి కదమ్మా, కాళ్ల నొప్పి తెలియదు.”

ఇంటికొచ్చి మొదటి పేజీ తీశాను. తేనె కింద కాస్త చోటు మిగిలి ఉంది. అక్కడ ‘కడుపు తీపి’ అని రాసి, ఊరి పేరు, తేదీ వేసుకున్నాను.