రాళ్లగుట్ట బలము

ఉత్తర అండమానులో శాడిల్ పీక్ కొండల నుండి దిగివచ్చు కల్పాంగ్ నది నీటిని ఆపుటకు డిగ్లీపూరు సమీపమున రెండు ఆనకట్టలు కలవు. ఒకటి కాంక్రీటుది, రెండవది రాళ్లు పోసి కట్టినది. 2001లో మొదలైన అచ్చటి 5.25 మెగావాట్ల విద్యుత్కేంద్రమును చూడబోవువారు కాంక్రీటు కట్టనే మెచ్చుకొందురు గాని, మట్టినీ రాతినీ పరీక్షించుటయే వృత్తిగా గల నాకు రెండవదానిపైననే మక్కువ.

ఆ రాళ్ల నడుమ సిమెంటు లేదు, బంకమన్ను లేదు. రాయికీ రాయికీ అతుకే లేదు. అయినను ఆ గుట్ట జారక నిలుచుటకు కారణము, ఒక గరుకురాయి మరియొకదానిపై జరుగవలెనన్న ముందు దాని మూపు నెక్కవలసి వచ్చుట, అట్లెక్కుటకు పైనున్న బరువునంతటిని ఎత్తవలసి వచ్చుట. ఈ ఎక్కుడులోనే బలమున్నది. అయితే పైబరువు మిక్కుటమైనపుడు రాళ్లు ఎక్కుట మాని, అంచులు విరిగి, పొడియై జారును. అందుచేత తేలికబరువు క్రింద 50 డిగ్రీలు దాటు ఘర్షణకోణము (జారుడు నాపు బలమునకు కొలత), ఎత్తైన కట్టల అడుగుభాగమున 40కి దిగువకు పోవచ్చును. 1970లో లెప్స్ అను అమెరికా ఇంజనీరు పెక్కు పరీక్షల ఫలితములను ఒకచోట కూర్చి చూపినది ఈ తరుగుదలనే. మెక్సికోలో మార్సల్ అను ఇంజనీరు మనిషెత్తును మించిన నమూనాలను నలిపి చూచెను. పిడికెడు కంకరను పరీక్షించి కొండంత కట్టకు లెక్క వేయరాదని ఆయన శ్రమను తలచినపుడెల్ల నాకు తోచును.

అండమాను విషయమున మరియొక చింత కలదు. ఈ దీవులలో ఇసుకరాయితోపాటు పొరలుగా విడిపోవు షేలు విస్తారము. ఏటా మూడు మీటర్ల వాన. పొడిగా నున్నపుడు గట్టిగా తోచిన రాయి తడిసినంతనే మెత్తబడును, కట్ట క్రుంగును. నేల చూడబోతే అత్యధిక భూకంపమండలము. 2002లో డిగ్లీపూరు కంపించెను, 2004 నాటి మహాభూకంపము సంగతి చెప్పనక్కరలేదు. నీరు నిలువక పారిపోవు శుభ్రమైన రాతిగుట్టకు అదురు తట్టుకొను గుణము మెండు. రాళ్లు నలిగి పొడియై నీటిని పారనీయని గుట్టకు ఆ గుణము కలదని నమ్మరాదు.

కాబట్టి ఈ దీవులలో ఇకమీదట రాతికట్ట తలపెట్టు యువ ఇంజనీర్లకు నా విన్నపమొకటి: పుస్తకములోని కోణమును ఎత్తి వ్రాయక, ఆ కొండరాతినే తెచ్చి, తడిపి, కట్ట మోయబోవు బరువు క్రిందనే పరీక్షింపుడు.